వెనక ఎడమ మూల

రా లాస్యా, ఆ ఫోను అవతల పెట్టి ఇట్లా వచ్చి కూర్చో. ఇంకా దగ్గరికి. గట్టిగా చెప్పే మాట కాదిది. మీ అమ్మ పక్క గదిలోనే ఉంది, ఆమె చెవిన పడితే నన్ను మధ్యలోనే ఆపేస్తుంది. నాలుగేళ్ళ కింద ఎండాకాలంలో నీకు అమ్మవారు పోసి, సిద్దిపేటలో మీ అమ్మమ్మ ఇంట్లో పడుకున్నావు, గుర్తుందా? పక్క మీద వేపాకులు తప్ప నీకేం గుర్తుండదులే. అదే ఎండాకాలం ఇక్కడ జహనుమాలో, మన వెల్డింగ్ షాపులో, ఒక సంగతి జరిగింది. మీ నాన్నకు అందులో సగమే తెలుసు. మీ అమ్మకు మొత్తం తెలుసు. కానీ ఆమె చెప్పదు. అందుకే నేను చెప్తున్నాను.

మార్చి ఆఖర్లో ఒక పాత జీపు వచ్చింది. మన షాపుకు మూడు షట్టర్ల అవతల మెకానిక్ ఖలీల్ భాయ్ ఉంటాడు కదా, ఆయనే దాన్ని తోలుకొచ్చాడు. వెనకాలే ఒక తండ్రీ కూతురూ దిగారు. తండ్రి పేరు రఘురామ్, తెనాలి వైపు మనిషి. నీళ్ళ శాఖలో ఉద్యోగానికని ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళయిందట, మాటలో మాత్రం ఆ గారూ అండీ పోలేదు. కూతురు అలేఖ్య. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల, ఆదివారం వస్తే పది బండ్లతో కలిసి వికారాబాద్ దిక్కు పోయి, గుట్టలూ బురదా ఎక్కించి దింపుతుంది. అదేం సరదా అని నన్నడగకు. పోయిన వానాకాలం ఒక రాతి మీది నుంచి ఆ జీపు బోర్లా పడింది. టాపు అణిగి స్టీరింగ్ దాకా వచ్చింది. ఈ పిల్ల భుజం ఎముక విరిగి, అదృష్టం బాగుండి బయటపడింది.

టాపు కొత్తది వేయించారు. అది అడుగు బాడీకి కలిపి అతికిన రేకు, విప్పడానికి రాదు. ఇప్పుడు బండి లోపల పైపులతో ఒక పంజరం కట్టాలి, మళ్ళీ తలకిందులైనా టాపు మనిషి మీదికి రాకుండా. దాన్ని రోల్ కేజ్ అంటారట. ఆ మాట నేను ఆ రోజే విన్నాను. తండ్రి ఖరాఖండిగా చెప్పేశాడు, ఆ పంజరం సరిగ్గా కుదిరితేనే తాళం పిల్ల చేతికిస్తానని, లేదంటే బండి అమ్మేస్తానని. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది.

ఖలీల్ భాయ్ షాపు ముందుకొచ్చి ఏమన్నాడో తెలుసా? మీ తాత పేరు మీద శివయ్య షాపు అనలేదు. జగదీశ్వర్ అన్న అని మీ నాన్న పేరూ ఎత్తలేదు. "సావిత్రి బేటీ ఉన్నదా? గీ పని ఆమె చేతికే రావాలె," అన్నాడు.

మీ అమ్మ పేరు నా ఎదురుగానే అన్నాడు. నేను మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

నా కడుపులో మంట ఆ రోజు పుట్టింది కాదులే. మీ తాతతో నలభై ఏళ్ళు ఆ షట్టర్ కింద కూర్చున్నాను నేను. పైపు వంచాలంటే అందులో ఇసుక దట్టించింది నేను. బొగ్గుల పొయ్యి ఊదింది నేను. గేటుకు రంగు కొట్టింది నేను. కానీ వెల్డింగ్ హోల్డర్ మాత్రం మీ తాత ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు. ఆడదానికి ఆ వెలుగు పడదు అనేవాడు. ఒకసారి ఆయన చాయ్‌కి పోయినప్పుడు పట్టుకుని చూస్తే, వచ్చి గల్లీ అంతా వినపడేలా తిట్టాడు. నాకని ఆయన వదిలిన పని ఒక్కటే, వినడం. అతుకు బాగా పట్టిందో లేదో ఇనుముతో తట్టి వింటే తెలుస్తుంది. చుట్టూ పట్టిన అతుకు ఖంగుమంటుంది. సగం పట్టినది బొంగురుగా మూలుగుతుంది. శుక్రవారం జుమ్మా నమాజు వేళకు మన గల్లీలో గ్రైండర్లూ కటింగ్ మిషన్లూ అందరూ ఆపేస్తారు కదా, మసీదు గోడ మన గోడకు ఆనుకునే ఉంది మరి. ఎవరూ చెప్పి ఆపించింది కాదు, ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ ఊరుకున్న వేళలో మీ తాత నన్ను లోపలికి పిలిచి, వారమంతా చేసిన గేట్లూ కిటికీ గ్రిల్లులూ తట్టమనేవాడు. నడుముకు వేలాడే షాపు తాళంచెవితో నేను మెల్లగా తట్టేదాన్ని. ఇది మళ్ళీ చెయ్యి అని నేనంటే ఆయన మళ్ళీ చేసేవాడు. నాకున్న గౌరవం మొత్తం అంతే.

ఇంక మీ అమ్మ సంగతి చూడు. కరోనాలో పనివాళ్ళు ఊళ్ళకు పోయి తిరిగి రాలేదు. మీ నాన్న ఆమెను పైపు పట్టుకోవడానికి పిలిచాడు. ఆరు నెలలు తిరగకుండానే వెల్డింగ్ మాస్క్ ఆమె తలకు తగిలించి తను పైపు పట్టుకున్నాడు. ఆర్గాన్ వెల్డింగ్ నేర్చుకోవడానికి బాలానగర్ దాకా పంపించాడు కూడా. నా కన్నకొడుకు. నన్ను తిట్టిన మనిషికి పుట్టిన కొడుకు. ఆమె అతుకు పెడితే జడ అల్లినట్టు వరసగా వచ్చేది. చాయ్ తెచ్చేవాడు మొదటి గ్లాసు ఆమె చేతికిచ్చేవాడు. ఒక రోజు చారులో ఉప్పు వేయడం మరిచిపోయానని అందరికీ చెప్పాను. మరిచిపోలేదు. ఆ రోజు పత్రికవాళ్ళెవరో వచ్చి ఆమె ఫొటో తీసుకుపోయారు.

సరే, జీపు సంగతికి వద్దాం. మొదట కొలతలు. ఆ పంజరం బజారులో కొని తెచ్చి తగిలించేది కాదు. ఆ బండికీ, ఆ బండి నడిపే మనిషికీ కలిపి కొలత తీయాలి. మీ అమ్మ సన్న తీగ తెచ్చి టాపు ఒంపుకు తగ్గట్టు వంచి, దాన్ని చూసి పైపు వంచింది. అలేఖ్యను సీట్లో కూర్చోబెట్టి, తలకు హెల్మెట్ పెట్టించి, హెల్మెట్‌కూ పైపు రాబోయే చోటుకూ మధ్య తన నాలుగు వేళ్ళు నిలబెట్టి చూసింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"గట్ల బిగుసుకపోయి కూసోకు. రోజూ బండి తోల్తప్పుడు ఎట్ల కూసుంటవో గట్లనే కూసో. పైపు నీ కొలతకు రావాలె, నువ్వు పైపు కొలతకు వచ్చుడు కాదు."

"అక్కా, రేపు నేను లావైతే?"

"లావైతే అడ్డం పెరుగుతవు. నేను తీస్తున్నది తలకాయ కొలత."

ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ పిల్ల జీపులో నవ్వుతుంటే హెల్మెట్ పోయి కిటికీకి కొట్టుకుంది. నేను మెట్టు మీదే ఉన్నాను. నువ్వు రోజూ ఎట్లా కూర్చుంటావు అని ఈ అరవై ఎనిమిదేళ్ళలో నన్నడిగినవాళ్ళు ఎవరున్నారు? ఆ ఒక్క మాటకు నాకెంత కుళ్ళు పుట్టిందో చెప్తే నువ్వు నవ్వుతావు.

ఏప్రిల్ రెండో వారానికి పైపులన్నీ లోపల నిలబడ్డాయి. సీట్ల వెనక ఒక పెద్ద కమాను, ముందు అద్దం పక్క నుంచి దిగే రెండు కాళ్ళు, టాపు కింద అడ్డాలు, వెనక్కి దిగే రెండు ఊతాలు. ఒక పొద్దున చూద్దును కదా, పెద్ద కమాను పైపుకు చిల్లు. పెసరగింజ పట్టేంత. నా గుండె సంబరంతో కొట్టుకుంది బిడ్డా, అబద్ధమెందుకు. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఆ రఘురామ్ ఆఫీసు నుంచి వచ్చాక, అందరూ ఉన్నప్పుడు, తాళంచెవితో ఆ చిల్లు చూపించాను. కొత్త పైపుకు చిల్లు పెట్టి ఇస్తున్నరు, మంచిగ చూసి తీసుకపోండ్రి సార్ అన్నాను.

తర్వాత అలేఖ్య మెల్లగా చెప్పింది, ఆ చిల్లు పెట్టమన్నది తనేనని. వాళ్ళ బండ్లు పరీక్ష చేసేవాళ్ళు ఆ చిల్లులోంచి పైపు మందం కొలుస్తారట, చిల్లు లేకపోతే బండిని వరసలోకే రానివ్వరట. మీ నాన్న నవ్వు ఆపుకోలేక రెంచి వెతుక్కుంటూ లోపలికి పోయాడు. అప్పుడు మీ అమ్మ ఏమందో విను.

"మంచిగనే చూసింది సార్. అత్తమ్మకు చెప్పుడు మేమే మర్చిపోయినం."

తిట్టినా బాగుండేది. ఆ రఘురామ్ మాత్రం అమాయకుడు. ఇంత చిన్న చిల్లు కూడా పెద్దవాళ్ళ కంటికి ఆనింది అని నా వైపు చూసి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. జాగ్రత్తగా విను, ఇది అర్థం కాకపోతే తర్వాతది అర్థం కాదు. పైపులు టాపుకు బాగా దగ్గరగా ఉంటాయి. టాపుకూ పైపుకూ మధ్య అరచేయి కూడా దూరదు. అతుకు కింద నుంచీ పక్కల నుంచీ వేయగలవు, పై భాగానికి చేయి పోదు. మరి చుట్టూ పట్టకపోతే అది అతుకే కాదు. అందుకని మీ అమ్మ ఒక ఉపాయం చేసింది. పంజరం కాళ్ళ కింద బండి నేలకు రంధ్రాలు కోసి, మొత్తం పంజరాన్ని జానెడు కిందికి దింపింది. ఇప్పుడు పైన చోటు దొరికింది కదా. ఒక్కొక్క మూలా చుట్టూ తిప్పి అతికింది. అన్నీ అయ్యాక పైకెత్తి, కాళ్ళ కింద మందపాటి ప్లేట్లు పెట్టి, రంధ్రాలు మూసి అతికేస్తే సరి. ఒకసారి ఎత్తి ప్లేట్లు వేశాక ఇంక కిందికి దింపడం కుదరదు, మళ్ళీ కోస్తే తప్ప.

ఎత్తే రోజు శుక్రవారం. ఖలీల్ భాయ్ తన మనుషులిద్దరిని తీసుకుని వచ్చి నిలబడ్డాడు. పది గంటలయింది. వెనక ఎడమ మూల అతుకు ఒక్కటి మిగిలి ఉంది.

"అత్తమ్మా, గా మూల ఒక్కటే ఉన్నది. అరగంటల చేస్త. చేసినంక ఎత్తుదం," అంది మీ అమ్మ.

"అరగంటకు రాహుకాలం వస్తది. మీ మామ ఉన్నప్పుడు రాహుకాలంల గేటు కూడ ఎత్తలే."

"అయితే పన్నెండు దాటినంక ఎత్తుదం తియ్యి."

ఆమె మాటలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ అందరి ముందూ నా మాట నిలవాలి. ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే.

"పన్నెండు దాటితే వర్జ్యం," అన్నాను.

క్యాలెండర్ చూసి చెప్పిన మాట కాదు లాస్యా. వర్జ్యం ఎప్పుడుందో నాకు తెలియనే తెలియదు. నోటికొచ్చింది, అనేశాను. మీ అమ్మ ఒకసారి నా ముఖంలోకి చూసింది. మీ నాన్నకు మా ఇద్దరి మధ్య నిలబడడం విసుగు. ఎత్తేయండి, ఆ మూల నేను కింద నుంచి అద్దం పెట్టి చూసుకుంటాను అన్నాడు. నలుగురూ కలిసి ఎత్తారు. పదిన్నరకు ప్లేట్లు పడ్డాయి. నేను కొబ్బరికాయ కొట్టాను. గెలిచినట్టే ఉండింది.

మధ్యాహ్నం సిద్దిపేట నుంచి ఫోను, నీకు అమ్మవారు పోసిందని. మీ అమ్మ చేతులు కడుక్కుని, గోళ్ళలో నలుపు అట్లాగే ఉండగా బస్సుకు బయల్దేరింది. గడప దాటేటప్పుడు మీ నాన్నకు వెనక ఎడమ మూల సంగతి రెండుసార్లు చెప్పింది. నా దగ్గరికి వచ్చి, జర యాద్ చెయ్యి అత్తమ్మా, ఆయన మర్చిపోతడు అంది. నేను తలూపాను.

మీ నాన్న మర్చిపోలేదు పాపం. మరునాడే చేశాడు. కింద నుంచి, పక్కల నుంచి, చేయి పోయినంత మేర చేశాడు. అద్దంలో పై భాగం కనిపించిందో లేదో, పట్టింది అన్నాడు. అబద్ధమాడాడని నేననను. అయిపోవాలని కోరుకున్నాడు, అయిపోయిందనుకున్నాడు. గురువారానికి కిషన్‌బాగ్ నుంచి రంగు తెచ్చి పంజరమంతా నల్లగా కొట్టేశాడు. చూడటానికి ఎంత బాగుందో.

మర్నాడు శుక్రవారం, జుమ్మా వేళ గల్లీ చప్పుడు ఆగింది. మీ నాన్న అన్నానికి ఇంటికి పోయాడు. నేను ఒక్కదాన్నే జీపులోకి ఎక్కాను. ఎవరూ పిలవలేదు, మీ తాత పోయాక ఎవరూ పిలవడం లేదు కూడా. తాళంచెవితో ఒక్కో మూలా తట్టుకుంటూ వచ్చాను. ఖంగు. ఖంగు. మీ అమ్మ చేసినవన్నీ గుడిగంటల్లా పలికాయి, అది విని పళ్ళు కొరికాను. వెనక ఎడమ మూలకు వచ్చి తట్టాను.

మూలిగింది.

మళ్ళీ తట్టాను. అదే. పై సగం పట్టలేదని నా చెవికి స్పష్టంగా తెలిసింది. ఎందుకు పట్టలేదో కూడా ఆ క్షణమే తెలిసింది, ఎవరి వర్జ్యం వల్లో.

చెప్పాలి కదా. మీ నాన్న అన్నం తిని రాగానే చెప్పాలి. చెప్పలేదు. చెప్తే మీ నాన్న తల వంచుకోవాలి, నేను తల వంచుకోవాలి. అది ఒకటి. ఇంకొకటి ఉంది, అది ఇంకా చెడ్డది. గల్లీలో అందరికీ అది సావిత్రి కట్టిన పంజరం. ఖలీల్ భాయ్ తన గిరాకీలను తీసుకొచ్చి మరీ చూపించేవాడు. ఎవరెవరో ఫోనుల్లో ఫొటోలు తీసుకునేవారు. రేపు ఆ మూల ఊడితే ఎవరి పేరు పోతుంది? ఆ ఆలోచన వచ్చింది నాకు. వచ్చి, పోకుండా కూర్చుంది.

ఎవరైనా వచ్చి సావిత్రి చెయ్యే చెయ్యి అని పోయిన ప్రతిసారీ, నేను జీపులోకి ఎక్కి ఆ మూల ఒకసారి తట్టేదాన్ని. ఒకసారి విన్నది చాలదా? చాలదు. ఆ బొంగురు చప్పుడు నాకు రుచిగా ఉండింది. ఆ పిల్ల సంగతి గుర్తు రాలేదా అని అడుగు. వచ్చింది. ఇన్ని పైపులున్నాయి, ఒక్క మూలకు ఏమవుతుంది అనుకున్నాను. రేపు చెప్తాను అనుకున్నాను. రోజూ రేపే.

మీ అమ్మ రోజూ ఫోను చేసేది. ముందు నీ ఒళ్ళు ఎట్లా ఉందో చెప్పి, తర్వాత అడిగేది, ఆ మూల చేసిండా అని. చేసిండు అనేదాన్ని. చేశాడు కదా మరి. ఆ మూలుగు విన్నాక అట్లా తొమ్మిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజు, శనివారం సాయంత్రం, మీ అమ్మ వచ్చింది. నిన్ను సెలవులు అయిపోయేదాకా అక్కడే ఉంచి, చిక్కి సగమై వచ్చింది. స్నానం చేసి పడుకుంది. ఆదివారం పొద్దున ఏడు గంటలకే అలేఖ్యా రఘురామూ బండి కోసం వచ్చేశారు. తోటివాళ్ళు శంకర్‌పల్లి రోడ్డు మీద ఎదురుచూస్తున్నారట, అటు నుంచి అటే గుట్టలకు పోవాలట. ఆ పిల్ల కొత్త బూట్లు వేసుకుని గంతులేస్తున్నట్టే ఉంది. పోయి సీట్లో కూర్చుని బెల్టులు బిగించుకుంది.

మీ నాన్న తాళం ఇవ్వబోయాడు. రఘురామ్ తీసుకోలేదు. వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీరొకసారి చూసి సరేననండి. ఆ రోజు ఆ చిల్లు మీ కళ్ళకే కనిపించింది. ఖలీల్ గారు కూడా చెప్పారు, మీరు తట్టి వింటే తెలుస్తుందట. మీరు చూడందే నేను బండి కదలనివ్వనండి."

అందరూ నా వైపే చూస్తున్నారు. మీ నాన్న, ఖలీల్ భాయ్, చాయ్ అతను, మీ అమ్మ కూడా. నలభై ఏళ్ళు ఆ షట్టర్ కింద కూర్చున్నా నన్నెవరూ అట్లా చూడలేదు. నేను నడుముకున్న తాళంచెవి తీసి జీపులోకి ఎక్కాను. ముందు కాళ్ళు తట్టాను. పెద్ద కమాను తట్టాను. కుడి మూల తట్టాను. ప్రతి ఖంగుకూ రఘురామ్ తలూపుతున్నాడు. ఆ పిల్ల జుట్టు ముడేసుకుని హెల్మెట్ పెట్టుకుంది. తలకూ పైపుకూ మధ్య సరిగ్గా నాలుగు వేళ్ళ సందు. మీ అమ్మ వేళ్ళంత.

వెనక ఎడమ మూల దగ్గర చేయి ఆగింది.

"సావిత్రీ, లోపలికి రా. ఈడ చెయ్యి పెట్టు," అన్నాను.

ఆమె వెనక నుంచి ఎక్కి ఆ అతుకు మీద అరచేయి ఆనించింది. నేను తట్టాను. అది మూలిగింది. ఆమె చేయి కదలలేదు. తర్వాత బొటనవేలు మెల్లగా జరిపి ఆ నల్ల రంగు తడిమింది. అక్కడ చిన్న చిన్న పెచ్చులు లేచి ఉన్నాయి. ఒకటి కాదు, పది కాదు. తాళంచెవి గుండు ఎంతుందో అంతంత. నేను చూసుకోలేదు వాటిని. ఆమె వాటిని చూసింది, నా చేతిలో ఉన్నది చూసింది, నా ముఖం చూసింది.

నేనే అనబోయాను. నేనే ఎత్తించిన, నాకు ముందే ఎరుక అని. నోరు తెరిచాను కూడా. ఆమె నాకంటే ముందు జీపు దిగింది.

"సార్, గీ మూల నాతోని మిగిలిపోయింది. నడుమల ఊరికి పోయిన. ఇయ్యాల బండి కదలది. వచ్చే ఆదివారం రండ్రి."

అలేఖ్య ముఖం చిన్నబోయింది. వాళ్ళంతా ఎదురుచూస్తున్నారక్కా అంది. వాళ్ళను పోనియ్యి, నువ్వు దిగు అంది మీ అమ్మ. మీ నాన్న ఏదో చెప్పబోతే కళ్ళతోనే ఆపింది. రఘురామ్ నా దగ్గరికి వచ్చి, గల్లీ అంతా చూస్తుండగా రెండు చేతులూ జోడించాడు. నా కూతురిని కాపాడారండీ అన్నాడు. నేను ఏం చేశానో తెలుసా? ఆ దండం తీసుకున్నాను. తీసుకుని ఊరుకున్నాను.

ఆ వారం కాళ్ళ కింద ప్లేట్లు కోసి, పంజరం మళ్ళీ జానెడు దింపి, ఆ మూల మొత్తం గీకేసి మీ అమ్మ కొత్తగా చుట్టూ అతికింది. ఎండ నలభై మూడు. రేకు కింద, మాస్క్ లోపల, పదిహేను రోజులు నీ పక్కన నిద్ర లేకుండా కూర్చుని వచ్చిన మనిషి. శుక్రవారం చప్పుడు ఆగిన వేళకు నన్ను లోపలికి పిలిచింది. తట్టాను. ఎంత చక్కగా పలికిందంటే, మిగతా మూలలకంటే బాగా. మేమిద్దరమే ఉన్నాం. నేను కిందికి చూస్తూ అడిగాను, వాళ్ళ ముందు ఎందుకు చెప్పలేదు అని.

ఆమె చేతికి అంటిన నలుపు గుడ్డతో తుడుచుకుంటూ ఒక్కటే అడిగింది.

"నేను రాకుంటే చెప్తుంటివా అత్తమ్మా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఇంతలో నమాజు అయిపోయి పక్క షాపులో గ్రైండర్ అందుకుంది. ఆమె దిగి పనిలోకి పోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నువ్వు అడిగినా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బోనాలు అయిపోయిన వారానికి ఆ జీపు మళ్ళీ పల్టీ కొట్టింది. తడిసిన మట్టి గట్టు జారి ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిందట. అలేఖ్య బెల్టు విప్పుకుని, తలుపు తన్ని, నడుచుకుంటూ బయటికి వచ్చింది. మోచేయి గీరుకుపోయింది, అంతే. తండ్రీ కూతురూ మిఠాయి పట్టుకుని వచ్చారు. బండిని లారీ మీద తెచ్చారు, నేను పోయి చూశాను. బరువంతా కుడి వైపు పడింది. ఆ ఎడమ మూలన రంగు కూడా చెదరలేదు.

అంటే నేను నోరు మూసుకునే ఉన్నా ఆ రోజు ఏమీ అయ్యేది కాదు. ఆ ఆలోచన నాకు వచ్చింది బిడ్డా, వచ్చి ఒక్క క్షణం ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఇంకా విను. ఆ పిల్ల మీ అమ్మను వాటేసుకుని ఎంతసేపో వదల్లేదు. నేను మిఠాయి డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను. అప్పుడు కూడా నా కడుపు మండింది. అంత జరిగాక కూడా. పోయిందనుకున్నావా అది? ఇప్పటికీ మీ అమ్మను ఎవరైనా మెచ్చుకుంటే ముందు అదే లేస్తుంది, తర్వాతే నేను లేచి దాన్ని కూర్చోబెడతాను.

ఖలీల్ భాయ్ ఆ తర్వాత ఈ కథ పత్తర్‌గట్టి దాకా మోసుకుపోయాడు. అమ్మ తట్టి చెప్పింది, పిల్ల బతికింది అని. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి నాకు దండం పెట్టిపోతారు. మీ నాన్న కూడా అదే నమ్ముతాడు. మీ అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా చాయ్ పెట్టడానికి లోపలికి పోతుంది. నాలుగేళ్ళయింది, కోపంలో కూడా, మా ఇద్దరికీ ఎంత లొల్లి అయినప్పుడు కూడా, ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు. నేను పోయాక అది ఆమెతోనే పోతుంది. పోకూడదు.

అందుకే నీకు చెప్పాను. గుర్తుపెట్టుకో. రేపు ఎవరైనా మీ నాయనమ్మ చెవి గొప్పదని నీతో అంటే, ఊఁ కొట్టి ఊరుకోకు. పంజరం కట్టింది మా అమ్మ సావిత్రి అని మొదట చెప్పు. తొందరపెట్టి ఎత్తించింది మా నాయనమ్మ, లోపం విని కూడా కుళ్ళుకొద్దీ తొమ్మిది రోజులు నోరు మూసుకుంది అని తర్వాత చెప్పు. నీ పిల్లలకూ అట్లాగే చెప్పు. ఏదీ, ఇప్పుడు ఒకసారి నాకు చెప్పు, నేను వింటాను. తొమ్మిది రోజులు అన్న దగ్గర నా ముఖం చూసి గొంతు తగ్గించకు.